మనకేం రాలేదు, వర్వారా

టెలిఫోను మోగేసరికి ముగ్గురూ నడవలో కూర్చునే ఉన్నారు.

అత్తగారు కపితోలీనా గవ్రీలొవ్నా తన పెట్టె మీదే కూర్చుంది, పైకోటు బొత్తాలన్నీ పెట్టుకుని, తలకి ఉన్ని శాలువా బిగించుకుని. రిమ్మా బూట్లు తొడుక్కునే చిన్న బల్ల మీద. రిమ్మా భర్త కేషా గోడవార స్టూలు మీద, టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని. ప్రయాణమయ్యే మనిషి గడప దాటేముందు ఇంటిల్లిపాదీ ఒక్క నిమిషం నోరు మెదపకుండా కూర్చోవాలి. ఆ నిమిషం పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదు.

మాట్లాడకుండా కూర్చోవడానికి ఈ ఇంట్లో ఎవరో ఊరెళ్లాల్సిన పనేముంది, అనుకుంది రిమ్మా. అయిదు రోజులుగా అందరూ చేస్తున్నది అదేగా.

ఫోను మూడోసారి మోగింది. అత్తగారు కదలొద్దన్నట్టు కళ్లతోనే హెచ్చరించింది. నాలుగు. అయిదు. రిమ్మాకి చిన్నప్పటినుంచీ ఒక బలహీనత ఉంది: మోగుతున్న ఫోన్నీ, ఏడుస్తున్న పిల్లనీ చూస్తూ ఊరుకోలేదు. లేచిపోయింది.

"అయింది," అంది అత్తగారు. "ఇంక నా ప్రయాణం కుంటిదే."

"హలో... ఆఁ, ఇన్నోకెంతీ పావ్లోవిచ్ గారిల్లే. నేను వాళ్లావిడని." ఆ మాట అనడమంటే రిమ్మాకి ఇప్పటికీ ఎంత ఇష్టమో! పెళ్లయి నాలుగు నెలలైనా, అన్నప్పుడల్లా నోట్లో పిప్పరమెంటు బిళ్ల వేసుకున్నట్టుంటుంది. "ఏమిటీ?... మళ్లీ చెప్పండి... నిజంగానా?"

ఫోను పెట్టేసి అటు తిరిగింది. ఎవర్నో ఒకర్ని కౌగిలించుకోవాలి. చెయ్యి అందేంత దూరంలో కొక్కేలకి వేలాడుతున్న కోట్లున్నాయి. ఆ కోట్లనే గట్టిగా కావలించుకుంది.

"నిన్నే, కేషా! నిన్నే ఖాయం చేశారు! స్టూడియో మండలి మొత్తం ఒప్పుకుందట. దర్శకుడు ఒల్షాన్‌స్కీ గారు ఇంకెవర్నీ చూడనన్నారట. రేపు పన్నెండింటికల్లా వచ్చి సంతకం పెట్టమన్నారు."

కేషా మోకాళ్ల మీదున్న టోపీని ఒకసారి చుట్టూ తిప్పాడు.

"సరే," అన్నాడు.

అంతే. తర్వాత లేచి, సిగరెట్లు వెతుక్కుని, మెట్ల దగ్గరికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆదివారం తర్వాత అదే మొదటిసారి.

ఆదివారం జరిగింది చిన్న సంగతే. నడవలో మేకుకి పదకొండేళ్లుగా ఒక ఇత్తడి హెల్మెట్ వేలాడుతూ ఉండేది. ఎత్తంటే భయపడే ఫైర్‌మన్ కూజ్యా వేషంలో కేషా పెట్టుకున్నది. అంతకుముందు ఎనిమిదేళ్లు పిల్లల నాటకశాలలో గుర్రం వెనక కాళ్లుగా నటించిన మనిషిని దేశమంతా గుర్తుపట్టేలా చేసింది ఆ హెల్మెటే. ఆ తర్వాతి సినిమాల్లో కూజ్యా సముద్రానికి వెళ్లాడు, కూజ్యా పెళ్లి చేసుకున్నాడు, కూజ్యా సైబీరియాలో తప్పిపోయాడు. వేరే పేర్లతో వేసిన వేషాల్లోనూ జనం చూసింది కూజ్యానే. ఈ మధ్య కేషా నడవలోకి వచ్చినప్పుడల్లా ఆ మేకు వైపు చూడకుండా దాటిపోవడం రిమ్మా గమనించింది. ఆదివారం దాన్ని పాత పత్రికలో చుట్టి వంటింటి అటక మీద పెట్టింది.

"ఈ ఇంటికి రొట్టె పెట్టిన దాన్ని అటకెక్కిస్తావా?" అని మొదలైంది. "నాలుగు నెలల కోడలికి నలభై ఏళ్ల సంగతులేం తెలుసు?" అని ముదిరింది. కొడుకు ఏదో ఒకటి అంటాడని ఇద్దరూ ఎదురు చూశారు. అతను ఏమీ అనలేదు. అంతకు మూడు రోజుల ముందు, గురువారం, స్టూడియో నుంచి వచ్చినప్పటినుంచీ అతను ఎవరితోనూ ఏమీ అనడం లేదు. దాంతో అత్తగారు ప్స్కోవ్‌లో ఉన్న చెల్లెలికి తంతి కొట్టి, పెట్టె సర్దుకుంది.

ఇప్పుడు శాలువా ముడి విప్పుతోంది.

"రైలు రేపూ ఉంటుందిలే," అంది, ఎవరితోనో అన్నట్టుగా. "కొడుక్కి కొత్త సినిమా వచ్చిననాడు తల్లి రైలెక్కితే బావుండదు." పెట్టె కొంచెం తెరిచి, చెల్లెలి కోసం పెట్టుకున్న నల్లద్రాక్ష జామ్ సీసా బయటికి తీసింది. "బంగాళదుంపలు వేయించు. ఉల్లిపాయ ఎక్కువ వెయ్యి, వాడికిష్టం."

"తెలుసు, అత్తయ్యా."

"తెలుసుట!" అంది అత్తగారు. కానీ సీసా మూత ఆవిడే తిప్పింది.

రిమ్మాకి వంటిల్లంటే ప్రాణం. కిటికీలో రెండు అద్దాల మధ్య చలి దూరకుండా దూది పరిచి, దానిమీద ఎర్రటి రోవన్ చెట్టు కాయలు పేర్చి ఉంటాయి. అవతల మంచు. ఫిబ్రవరి సాయంకాలం నాలుగున్నరకే నీలంగా మారిపోతుంది. ఆ నీలంలో ట్రాము ఒకటి మూల తిరుగుతూ నిప్పురవ్వలు రాల్చింది. దుంపలు పెనంలో చుయ్‌మన్నాయి. ఇంత ఆనందం ఎవరితోనైనా పంచుకోవాలి. పంచుకోవలసిన మనిషి మెట్ల మీద ఒంటరిగా సిగరెట్టు కాలుస్తున్నాడు.

దగ్గరగా వేసిన తలుపులోంచి మాటలు వినిపించాయి. కింది వాటాలో ఉండే రిటైరైన క్రేన్ డ్రైవరు మత్వేయిచ్ గొంతు.

"ఏం కూజ్యా తమ్ముడూ! ఇక్కడున్నావేం? ఇంట్లో నిప్పంటుకుందా?"

తర్వాత సన్నటి గొంతు, కీచుగా, అమాయకంగా. దేశంలో మూడేళ్ల పిల్లాడికి కూడా తెలిసిన కూజ్యా గొంతు.

"మంటని కిందికి దించండి, ఆర్పేస్తాను!"

మత్వేయిచ్ నవ్వు మెట్లు దిగుతూ, దిగుతూ, కింద వీధి తలుపు దాకా వెళ్లింది. తలుపు దబ్బున మూసుకుంది. ఆ తర్వాత మెట్ల మీద అగ్గిపుల్ల గీసిన శబ్దం.

రిమ్మా అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కేషా తనని ఎందుకు పెళ్లి చేసుకున్నాడో ఆమెకి తెలుసు, అతనే చెప్పాడు. నారింజల కోసం నిలబడ్డ వరసలో తను అతన్ని గుర్తుపట్టలేదు. తన ఊరు వోలగ్దాలో కూజ్యా సినిమాని స్తంభం వెనక సీట్లోంచి చూసిందేమో, హెల్మెటే గానీ మొహం గుర్తులేదు. "మీరేం చేస్తుంటారు?" అని అడిగింది. పదకొండేళ్లలో అతన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరట. ఆ రోజు అతను నవ్వాడు. సొంత నవ్వు. నెమ్మదిగా, కొంచెం సిగ్గుగా, భుజాలు కదిలేలా. పెళ్లయ్యాక ఆ నవ్వు ఆమె మళ్లీ రెండే సార్లు విన్నది.

"ఏం సినిమా అది?" అడిగింది అత్తగారు. "పక్కన ఎవరు? పాటలున్నాయా? నాతో ఒక్క ముక్క చెప్పడు."

"నాకూ చెప్పలేదత్తయ్యా. పాత్ర కాగితాలు లోపల బల్ల మీదున్నాయి. తేనా? తిన్నాక గట్టిగా చదివించుకుందాం!"

దుంపల మంట తగ్గించి, పరుగున వెళ్లి తెచ్చింది. నీలం అట్ట, నాడాతో కట్టిన టైపు కాగితాలు. వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి నాడా జారింది. కాగితాలన్నీ నేల మీద పరుచుకున్నాయి.

"ఎత్తకు!" అని అరిచింది అత్తగారు. "ఎత్తకు, అమ్మాయ్! వాణ్ని పిలువు!"

కానీ రిమ్మా చేతులు చురుకు. బడిలో ముప్ఫై ఆరు నోటుపుస్తకాలు కింద పడినా చిటికెలో దొంతర పెట్టే చేతులు. అత్తగారి మాట పూర్తయ్యేలోపే అంకెల వరసలో సర్ది, బల్ల మీద తట్టి, నాడా కట్టేసింది కూడా.

"చూశారా, ఒక్కటీ నలగలేదు!"

కపితోలీనా గవ్రీలొవ్నా మొహం తెల్లబోయింది.

"ఏం చేశావే తల్లీ! పాత్ర కాగితం కింద పడితే నటుడొచ్చి దానిమీద కూర్చోవాలి. కూర్చుని, లేచి, అప్పుడు తీసుకోవాలి. ఊరికే ఎత్తేస్తే పాత్ర పోతుంది. ఇరవై ఏళ్లు నాటకశాలలో బట్టలు కుట్టాను. మురికి నేల మీద మహామహులు పట్టు అంగరఖాలతో కూర్చోవడం నా కళ్లతో చూశాను. నీకెవరూ చెప్పలేదా?"

"నేను భూగోళం పంతులమ్మనత్తయ్యా. నాకెవరు చెప్తారు?"

"అడగాలి! ఆ హెల్మెట్ తీసేముందు అడిగావా? ఇదీ అంతే. నీకు అన్నీ సర్దెయ్యడమే తెలుసు."

"సర్దకపోతే ఈ ఇంట్లో..." అని ఆగిపోయింది రిమ్మా. గుమ్మంలో కేషా నిలబడి ఉన్నాడు. కోటుకి చలివాసన, పొగవాసన.

"ఏం పడింది?"

పెనంలో దుంపలు మాడుతున్నాయి. అతనే వెళ్లి స్టవ్ ఆపాడు.

"నా వల్లే పడ్డాయి. నాకు తెలీదు. క్షమించండి, ఇన్నోకెంతీ పావ్లోవిచ్." బాధ కలిగితే రిమ్మా నోటికి ఇంకా 'మీరే' వచ్చేస్తుంది. 'కేషా' అనడం నేర్చుకోవడానికే మూడు వారాలు పట్టింది.

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వేం పోగొట్టలేదు, రిమ్మా. అవి అంతకుముందే పడ్డాయి."

"ఎప్పుడు?" అంది తల్లి.

"గురువారం. కెమెరా టెస్టు అయ్యాక, స్టూడియో నడవలో. అక్కడ నలుగురు నటులున్నారు. 'కూర్చో, కూర్చో' అని నలుగురూ అన్నారు. ఒకాయన నాకోసం నేల తుడిచాడు కూడా. నేను కూర్చోలేదు. ఎత్తుకుని వచ్చేశాను."

"మర్చిపోయావురా?"

"లేదమ్మా."

తల్లి కొడుకు మొహంలోకి చూసింది. పుట్టినప్పటినుంచీ నాటకాల్లో బతికినవాడు కావాలనే కూర్చోలేదంటే దాని అర్థం ఆవిడకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఈ పాత్ర వద్దనా?"

"కావాలి. పదకొండేళ్లుగా నాకు కావలసింది ఇదే." కేషా బల్ల మీది రొట్టె తునకని వేలితో నలిపాడు. "టెస్టులో ఒక్కటే మాట. ఇంటికొచ్చి పెళ్లాంతో అనాలి. ఆ మాట అన్నాను. వెనకాల లైట్ల మనిషి నవ్వాడు."

"ఎవడు వాడు!" అంది రిమ్మా.

"పాపం, మంచివాడే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత వచ్చి 'తప్పైంది, మిమ్మల్ని చూస్తే నాకు దానంతటదే వచ్చేస్తుంది' అన్నాడు. అందరికీ అంతేగా. దానంతటదే వచ్చేస్తుంది."

"మండలి ఒప్పుకుందిగా! అంతమంది పెద్దవాళ్లు..."

"పద్నాలుగు మంది, రిమ్మొచ్కా. హాల్లో ఎనిమిది వందల మంది ఉంటారు. వాళ్లు నా పేరు చూసి టిక్కెట్టు కొనేదే నవ్వడానికి."

అత్తగారు చేతిసంచీలోంచి కళ్లద్దాలు తీసింది. నాడా విప్పి, మొదటి కాగితం దీపం కిందికి జరుపుకుంది. పెదాలు కదుపుతూ చదువుతోంది. రెండో కాగితం. మూడోది. రిమ్మా ఆవిడ పెదాల వంకే చూస్తోంది. ఒక్కచోట అవి ఆగిపోయాయి.

"పోస్టుమాను," అంది అత్తగారు.

"అవునమ్మా."

"యుద్ధంలో ఇంటింటికీ చావు కాగితాలు పంచేవాడు."

"అవును. ఒకరోజు సంచీలో తన కొడుకు కాగితమే ఉంటుంది. మూడు రోజులు ఊళ్లోవాళ్ల కాగితాలన్నీ పంచుతాడు, అదొక్కటీ సంచీలోనే ఉంచుకుంటాడు. రోజూ సాయంత్రం పెళ్లాం గుమ్మంలో నిలబడి, ఏమైనా వచ్చాయా అని అడుగుతుంది."

"ఏమంటాడు?"

ఆవిడే కాగితంలోకి వంగి, వేలు పెట్టి, కూడబలుక్కుంటున్నట్టు చదివింది.

"మనకేం రాలేదు, వర్వారా."

ఆవిడ వేలు ఆ మాట మీదే ఉంది.

"నువ్వెప్పుడైనా చెప్పావురా దీనికి?" అంది అత్తగారు, కోడలి వైపు చూపిస్తూ. "చెప్పి ఉండవు. నాతోనే ఎప్పుడూ అనలేదుగా."

"అమ్మా, వద్దు."

"నలభై మూడో సంవత్సరం. మార్చి నెల. వీడికి పద్నాలుగేళ్లు. పోస్టావిడకి నా మొహం చూసే ధైర్యం లేక వీళ్ల నాన్న చావు కాగితం గేటు దగ్గర వీడి చేతిలో పెట్టి పోయింది. నేను లోపల బట్టలు ఉతుకుతున్నాను. వీడు లోపలికొచ్చాడు. బకెట్టు తీసి నెత్తిన బోర్లించుకున్నాడు. మోకాళ్లు వంచి, బాతులా నడుస్తూ పొయ్యి చుట్టూ తిరిగాడు. గోడకి గుద్దుకున్నాడు. బకెట్టు లోపలినుంచి 'ఎవరది, ఎవరు దీపం ఆర్పింది' అన్నాడు."

ఆవిడ కళ్లద్దాలు తీసేసింది.

"నవ్వాను. ఆ చలికాలమంతా నవ్వలేదు. పొట్ట పట్టుకుని, సబ్బునీళ్ల చేతులతో మొహం కప్పుకుని మరీ నవ్వాను. ఎందుకో ఆగాడు. చొక్కా చేతి మడతలోంచి కాగితం జారి కింద పడింది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను, దాన్ని తీసుకునేటప్పుడు కూడా."

కేషా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అద్దంలో అతని మొహం కనిపిస్తోంది గానీ, ఆ మొహంలో ఏముందో రిమ్మాకి తెలియలేదు.

"చెప్పలేకపోయాను," అన్నాడు అద్దంతో. "చెబుదామనే వచ్చాను. బకెట్టు కనిపించింది."

రిమ్మా ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. తను పుట్టకముందే తలుపేసుకున్న గది ఒకటి వీళ్లిద్దరికీ ఉంది. నాలుగు నెలలుగా తను తుడుస్తున్నది, సర్దుతున్నది, ముచ్చటగా జాజికాయ రంగు కర్టెన్లు కడుతున్నది ఆ గది బయట. ఎంత పిచ్చిది తను! ఎవరి భుజం మీద చెయ్యి వెయ్యాలో తెలియక మాడిన పెనం తీసి పంపు కింద పెట్టింది. నీళ్లు భుస్సుమన్నాయి.

"అందుకే ఆ హెల్మెట్ గుమ్మం ఎదురుగా తగిలించాను," అంది అత్తగారు, ఈసారి కోడలితోనే, నెమ్మదిగా. "వీడు నవ్విస్తున్నంతకాలం అలాంటి కాగితం మళ్లీ ఈ గుమ్మం తొక్కదని. ముసలిదాని పిచ్చి. అది నువ్వు తీసేస్తే నాకు నిద్ర పట్టలేదు."

"నాకు చెప్పి ఉంటే తియ్యకపోదునత్తయ్యా."

"చెప్పాల్సిందే. మా ఇంట్లో ఎవరికీ చెప్పడం రాదు, ఏం చేస్తాం."

ఆవిడ లేచింది. కాగితాల కట్ట తీసుకుని, వంగబోయింది. మోకాలు వంగలేదు. తిట్టుకుంటూ బల్ల అంచు పట్టుకుంది. ఆ కట్టని కింద ఎక్కడ పెట్టాలనుకుంటోందో రిమ్మాకి అప్పుడు అర్థమైంది. గబగబా వెళ్లి బూట్ల దగ్గరి చిన్న బల్ల తెచ్చి వేసింది. అత్తగారు కట్టని దానిమీద పెట్టి, పావడా సర్దుకుని, నిండుగా, నిదానంగా దానిమీద కూర్చుంది.

"అమ్మా, అది నటుడు కూర్చోవాలి."

"పాత్ర నీది. ఆ కబురు నాది," అంది ఆవిడ. "నోరు మూసుకుని ఒక నిమిషం ఉండు."

ముగ్గురూ మళ్లీ మాట్లాడకుండా ఉన్నారు. కింద వీధిలో ట్రాము వెళ్లింది. ఈ నిమిషం సాయంత్రం నడవలో గడిచిన నిమిషంలా లేదు. ఎలా వేరో రిమ్మా చెప్పలేదు గానీ, ఈసారి ఫోను మోగినా తను లేవదు, అంతే.

కేషా కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు.

"రేపు నీకు ఏడో తరగతి 'బి' వాళ్లతో ఏ పీరియడు?"

"రెండోది. సైబీరియా నదులు. ఎందుకు?"

"ఎన్నింటికి అయిపోతుంది?"

"పదిన్నరకి."

"పన్నెండుకి ముందే. చాలు." అరచేతులతో మోకాళ్లు రుద్దుకున్నాడు. "రేపు వస్తాను. ఆ గుమ్మం సీను వాళ్లకి చదువుతాను. వర్వారా మాటలు నువ్వు చదువు."

ఏడో తరగతి 'బి'! నల్లబోర్డు మీద హెల్మెట్ బొమ్మ వేసేవాళ్లు, పంతులమ్మ ఇంటిపేరు పెళ్లితో జ్యాబ్లికోవాగా మారిన రోజున బెంచీలెక్కి కీచుగొంతులతో "మంటని కిందికి దించండి" అని అరిచినవాళ్లు. ఈ ఊళ్లో ఇంతకంటే జాలిలేని జనం మరెక్కడా ఉండరు.

"కేషా, వాళ్లు నువ్వు గుమ్మంలో అడుగు పెట్టగానే..."

"అందుకే వాళ్లు. ముందుగా వాళ్లతో ఏమీ అనకు. నవ్వొద్దని అసలు చెప్పకు. ఆ మాట దగ్గర ఒక్కడు నవ్వినా సరే, మీ హెడ్‌మాస్టరు గదిలోంచే స్టూడియోకి ఫోన్ చేసి, నా వల్ల కాదని చెప్పేస్తాను. ఇంక జన్మలో ఆ ఊసెత్తను. హెల్మెట్ దించి మళ్లీ మేకుకి తగిలిద్దాం."

"నేనూ వస్తాను," అంది అత్తగారు, కాగితాల మీద నుంచి లేవకుండానే.

"నువ్వెందుకమ్మా?"

"వెనక బెంచీలో కూర్చుంటాను. మొదట నవ్విందాన్ని నేనేగా." శాలువా మళ్లీ భుజాల మీదికి లాక్కుంది. "రేపేం చేస్తానో నాకూ తెలీదు."

ప్స్కోవ్ పెట్టె నడవలో సగం తెరిచే ఉంది. దాని పైన గోడకి ఖాళీ మేకు. కేషా లేచి వెళ్లి, తన టోపీని దానికి తగిలించాడు.

"తరగతి మూడో అంతస్తులో, కేషా," అంది రిమ్మా వెనకనుంచి. ఏం చెప్పాలో తెలియక ఆ మాటే చెప్పింది. "లిఫ్టు లేదు."

అతను వెనక్కి తిరగలేదు.

"ఎక్కుతాను," అన్నాడు.